మగ్గం వెనక సుబ్బక్క

మగ్గం ముందు కూర్చున్నవాడిని లోకమంతా చూస్తుంది. మగ్గం వెనక కూర్చున్నదాన్ని దేవుడు కూడా చూడడు. ఆయన పటాన్ని కూడా మగ్గానికి ముందున్న గోడకే తగిలిస్తారు మరి. కోసిగి మగ్గాల వీధిలో సుబ్బక్క నలభై రెండేళ్ళు అట్లా వెనకే కూర్చుంది. ఆమె చీర నేసింది లేదు. నేసేవాళ్ళకు పడుగు అతికి ఇచ్చింది.

అతకడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మగ్గం మీద నిలువుగా సాగదీసి ఉండే దారాలే పడుగు. ఒక పడుగు నాలుగైదు చీరలకు వస్తుంది. అది అయిపోవచ్చినప్పుడు నేతగాడు చివరికంటా నేసెయ్యడు, మూరెడు దారం అచ్చులో, అంటే పోగులను వరసగా నిలిపే దువ్వెనలో, వదిలేస్తాడు. అట్లా వదిలిన మూడు వేల చిల్లర పోగుల్లో ఒక్కొక్కదాని కొసకూ కొత్త పడుగులోని పోగు కొసను తెచ్చి కలపాలి. ముడి వెయ్యకూడదు. ముడి వేస్తే అది అచ్చు పళ్ళలో ఇరుక్కుని తెగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుని, రెండు కొసలూ చేర్చి ఒక పురి, వెనక్కి మడిచి ఇంకో పురి. చెప్పడానికి అంతే. చెయ్యడానికి రెండు రోజులు నడుము విరిగేలా వంగి కూర్చోవాలి. వరసలో ఒక్క పోగు తప్పిందా, ఆ పక్కనున్నవన్నీ తప్పుతాయి.

సుబ్బక్కకు ఈ పని నేర్పింది ఆమె అత్త. మొగుడు పెళ్ళయిన నాలుగో ఏడే పోయాడు, పిల్లలు లేరు. అత్త నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిది. కోడలిని పుట్టింటికి పంపేటప్పుడు నగలేమీ ఇవ్వలేదు, ఈ పని ఇచ్చి పంపింది. తమ్ముడు ఉమామహేశ్వర ఇంట్లో సుబ్బక్క ఒకరి మీద ఆధారపడి తిన్న రోజు లేదంటే అది అత్త చలవే. వీధిలో రెండు వందల మగ్గాలున్న రోజుల్లో, "సుబ్బక్కా, పడుగు అయిపోయింది, ఎప్పుడొస్తావు?" అని పొద్దున్నే గడపలో నిలబడి అడిగేవాళ్ళు. చేతకాని నేతగాళ్ళను ఆమె తిట్టేది కూడా. వాళ్ళు కిక్కురుమనకుండా పడేవాళ్ళు.

అత్త పనితో పాటు ఒక కట్టడి కూడా నేర్పింది. అతికేటప్పుడు వాకిలికి వీపు పెట్టి కూర్చోవాలి. కొంగు ముందుకు లాగి చేతుల మీద కప్పుకోవాలి. అతుకు మీద పరాయి కళ్ళు పడితే పోగు నిలవదని ఒక మాట. అసలు మాట వేరే ఉంది: పక్కవీధి ఆడది చూసి నేర్చుకుపోతే మన కూటికి ఎసరు. దిష్టి పేరు చెప్పి విద్యను దాచుకున్నారన్నమాట. నలభై ఏళ్ళలో ఆ కొంగు సుబ్బక్కకు ఊపిరిలాగా అలవాటైపోయింది. కప్పుకున్నట్టు ఆమెకే తెలిసేది కాదు.

తర్వాత మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. కోసిగిలో వానలు లేని ఏడు గుంటూరు మిరపచేలకు కూలికి పోని ఇల్లు ఉండదు. మగ్గాల వీధి కూడా ఆ దారే పట్టింది. సుబ్బక్క అప్పుడు కొంగు సంగతి పక్కనపెట్టి, నేర్పుతాను రండి అని ముగ్గురు ఆడపిల్లలను పిలిచింది. ఒకామె పది రోజులు కూర్చుంది. ఒకామె నాలుగు రోజులు. మూడో ఆమె, "ఇది నేర్చుకుని ఏం చేస్తాం సుబ్బక్కా, అతికేదానికి మగ్గం యాడుండాది?" అని నవ్వి లేచిపోయింది. నిజమే, ఆమె మాటలో తప్పేముంది? కానీ ఆ నవ్వు సుబ్బక్కకు చాలా రోజులు నిద్ర లేకుండా చేసింది.

అదే ఏడు ఆదోనిలో కంటి డాక్టరు నీటికాసులని చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది కూడా చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తుందన్నాడు. బావిలోకి దిగేకొద్దీ పైన ఆకాశం చిన్నదైనట్టు, సుబ్బక్క లోకం ఏడాదిలో పళ్ళెమంత అయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కర్నూలులో కొత్త మ్యూజియం కడుతున్నారనీ, అందులో ఈ సీమ నేతపని చరిత్రకు ఒక గది పెడుతున్నారనీ, వీడియో తీయడానికి వస్తున్నారనీ కబురొచ్చింది. ఉమామహేశ్వర మగ్గం వీధిలో మిగిలిన పదకొండింటిలో ఒకటి. కెమెరాలతో వచ్చినాయన పేరు హర్షవర్ధన్. కడపాయన, నలభైకి దగ్గర పడ్డవాడు, నిదానస్తుడు. సుబ్బక్క అతనితో మొదట అడిగిన మాట ఇది:

"నాయనా, నువ్వు తీసింది ఎన్నేండ్లుంటాది?"

"ఎన్నేండ్లయినా ఉంటాది పెద్దమ్మా. మనం పోయినా ఉంటాది."

"దాన్ని చూసి ఒక పిల్ల నేర్చుకోవాలంటే నేర్చుకోవచ్చునా?"

"బాగా కనపడేట్టు తీస్తే ఎందుకు నేర్చుకోరు?"

సుబ్బక్క ఆ రెండు రోజులూ తన మిగిలిన చూపునంతా పోసి అతికింది. మండుటెండల్లో, పోగులు కదులుతాయని ఫ్యాను ఆపించి, లైట్ల వేడిలో, మూడు వేల నూట అరవై పోగులు. ఒక్కటి తప్పలేదు. అదే ఆమె ఆఖరి పడుగు. లేచి నిలబడ్డాక కళ్ళ ముందు పళ్ళెం కాస్తా గిన్నెంత అయింది. అయినా ఆమెకు బెంగ లేదు. తన చేతులు ఇంక ఒక పెట్టెలో భద్రంగా ఉన్నాయి, ఎప్పుడో ఒక పిల్ల వచ్చి తెరిచి చూస్తుంది. వంటింట్లో తడుముకుంటూ తిరిగిన రెండేళ్ళు ఆమె ఆ ఊహ మీదే బతికిందంటే నమ్మండి.

ఆ రెండేళ్ళలో ఉమామహేశ్వర మగ్గం దించి మ్యూజియం వాళ్ళకే ఇచ్చేసి, ఆదోనిలో పత్తిమిల్లుకు వాచ్‌మన్‌గా పోతున్నాడు. మ్యూజియం తెరిచిన వారానికి అతనికి సెలవు దొరికింది. అక్కను చెయ్యి పట్టి బస్సెక్కించాడు.

లోపల చల్లగా ఉంది. నేల మీద వెలుగుతో తుంగభద్రను పారించారు. అడుగు వేస్తే అలలు లేస్తున్నాయట, పిల్లలు గంతులేస్తున్నారు. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊరినుంచి వచ్చిన ఉమామహేశ్వర ఆ నీళ్ళను చూసి, "దీపాలకేమి, ఎంతైనా పారుతాయి" అన్నాడు. ఒక గోడ మీద పాత నవాబు మాట్లాడుతున్నాడు, ఒక గోడ మీద కోట తనంతట తానే లేస్తోంది. సుబ్బక్కకు ఇవేవీ అక్కర్లేదు.

"మన గది యాడరా?"

నేతగది చివర ఉంది. మధ్యలో తాడు కట్టి, అవతల ఉమామహేశ్వర మగ్గం. దాని వెనక గోడంతా తెర. తెర ముందు బల్ల వేసి ఉంటే అక్కను కూర్చోబెట్టి తను పక్కన కూర్చున్నాడు. ఏడు నిమిషాల బొమ్మ అది. అయిపోగానే మళ్ళీ మొదలవుతుంది. సుబ్బక్కకు తెర మీద వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. కానీ చెవులు పాము చెవులు.

పత్తి ఏరడం గురించి ఒక ఆడగొంతు చెప్పింది. రాట్నం తిరిగింది. తర్వాత మగ్గం చప్పుడు. సుబ్బక్క నిటారుగా కూర్చుంది. అది తమ్ముడి చెయ్యే. మూడో పోటుకు కాస్త తడబడే పాదం అతనిదే. చప్పుడు నెమ్మదించి ఆగింది. పడుగు అయిపోయింది. ఇప్పుడు తన వంతు. ఒళ్ళో చేతులు బిగపట్టుకుంది.

ఒక్క వీణ తీగ మోగింది. వెంటనే మగ్గం మళ్ళీ కదిలింది.

"మయేశా, మధ్యలో ఏమొచ్చింది?"

"వస్తుందిలేక్కా."

రెండోసారి కూడా అంతే. మగ్గం ఆగింది, తీగ మోగింది, మగ్గం కదిలింది. మూడోసారి సుబ్బక్క తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "పడుగు అయిపోయినట్టు ఇనపడతాండాది, మళ్ళా నేసినట్టు ఇనపడతాండాది. మధ్యలో రెండు రోజులు యాడ పోయినాయిరా?"

ఉమామహేశ్వర తల దించుకున్నాడు. అతను మొదటిసారే చూశాడు. చెప్పే ధైర్యం లేక ఏడు నిమిషాలు, మళ్ళీ ఏడు నిమిషాలు నెట్టుకొచ్చాడు.

"లేదక్కా. నీ పని పెట్టలేదు."

మామూలుగా సుబ్బక్క గొంతు పెద్దది. ఆ రోజు అది లేవలేదు. మ్యూజియం చూసుకునే అధికారి ప్రమీలారాణి దగ్గరికి తీసుకుపొమ్మని మాత్రం అంది. ఆవిడ మంచి మనిషి, కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది. అదృష్టమో దురదృష్టమో, తెరలు సరిచేయడానికి హర్షవర్ధన్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. పిలిపించింది.

అతను సుబ్బక్కను చూసి చటుక్కున కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "పెద్దమ్మా, అది ఏడు నిమిషాలదే. పాత పడుగు బొమ్మకు కొత్త పడుగు బొమ్మ అతికించినాను."

"నువ్వూ అతికేటోడివేనా నాయనా!" అంది సుబ్బక్క. "నీది ఒక్క పోగే మళ్ళా. నాది మూడు వేల నూట అరవై. నన్నెందుకు ఇడిసిపెట్టినావు?"

అతను లాప్‌టాప్ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ రెండు రోజులూ తీసిందంతా అందులో చెరపకుండా ఉంచాడు. సుబ్బక్క మొహం దానికి ఆనించి, ఉన్న కాస్త చూపునూ ఒక్కచోటికి కూడదీసింది. ఏదో నీలం రంగు కదులుతోంది. రవిక. దాని మీద మాసిన కొంగు. ఒక ముసలి వీపు. హర్షవర్ధన్ ముందుకు జరిపాడు. వీపు. సాయంత్రం. వీపు. మర్నాడు పొద్దున. అదే వీపు, అదే కొంగు, కొంగు కింద ఏదో మెదులుతున్నట్టు ఒక అలికిడి.

"కొంగు తియ్యి పెద్దమ్మా అని రెండుసార్లు అడిగినా. తీసినావు. నేను కెమెరా తిప్పేలోపలే మళ్ళా కప్పుకున్నావు. ఎదురుగా కెమెరా పెడితే, నా కళ్ళకు అడ్డం, తియ్యి నాయనా అన్నావు. పెద్దదానివి, మూడోసారి అడిగేదానికి నాకు నోరు రాలేదు. పదహారు గంటలు తీసినా. నీ చేతులు ఒక్క నిమిషం కూడా కనపడలేదు."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో కూడా వచ్చింది కాదు, అత్త నేర్పింది. ఎవరి మీద కోప్పడాలి? మ్యూజియం వాళ్ళ మీద కోప్పడాలని ఆమె నేతగది నుంచి ఇక్కడిదాకా కోపం లోపల సిద్ధం చేసుకుంది. అదంతా తిరిగి తిరిగి తన కొంగు మీదికే వచ్చింది. లోకానికి ఇద్దామనుకున్న దాన్ని తన చేత్తో తనే కప్పేసింది, అదీ చివరిసారి, అదీ కళ్ళున్నప్పుడు. ఆమెకు ఏడుపొచ్చింది. నలుగురి ముందూ ఏడ్చింది. ఉమామహేశ్వర ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మగ్గం ఈడనే ఉండాది కదా," అన్నాడు కాసేపటికి. "ఇప్పుడు తియ్యొచ్చు."

ప్రమీలారాణి ఆలోచించి సరేనంది. నేతగదిలో ఉన్న పిల్లలను పక్క గదికి పంపించి తాడు విప్పించింది. సుబ్బక్కను మగ్గం వెనక కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి చాచి పడుగు తడిమి, ఉలిక్కిపడింది. అలంకారానికని కొత్త పడుగును కుచ్చులు కుచ్చులుగా పట్టుకుని పాత కొసలకు ముడులు వేసేశారు.

"మా వీధిలో ఎవురైనా ఇట్ల ముడేసింటే చెయ్యి ఇరగ్గొట్టేదాన్ని," అంది. అందులో పాత సుబ్బక్క గొంతు వినపడింది. తమ్ముడికి కాస్త ప్రాణం లేచొచ్చింది. ఒక కుచ్చు ముడి జాగ్రత్తగా విప్పి, పాత కొసలు ఒకవైపు, కొత్త కొసలు ఒకవైపు పరిచాడు. బూడిద లేదంటే ప్రమీలారాణి తన సంచిలోంచి విభూతి పొట్లం తీసి ఇచ్చింది. తనే వంగి సుబ్బక్క కొంగును నడుముకు బిగించి దోపింది. హర్షవర్ధన్ ఎదురుగా కూర్చున్నాడు, చేతులకు మూరెడు దూరంలో కెమెరా పెట్టి.

సుబ్బక్క మొదలుపెట్టింది. వేళ్ళు తమ దారిన తాము పోయాయి. కొస, కొస, పురి, మడత, పురి. కొస, కొస, పురి. రెండేళ్ళుగా గిన్నెలూ గోడలూ తడిమిన చేతులకు పోగు తగలగానే ఆమె మొహం మారింది. "చూడు నాయనా, గట్టిగా తిప్పగూడదు, మెత్తగా తిప్పగూడదు," అని చెప్పడం కూడా మొదలుపెట్టింది, ఎవరో పిల్ల ఎదురుగా కూర్చున్నట్టు. "ఎడమచేత్తో పాతది. కుడిచేత్తో కొత్తది. మార్చగూడదు మే." పది నిమిషాలు అట్లా చెప్పింది. ఆ పది నిమిషాలు ఆమెకు ఏ కొరతా లేదు. ముప్పై పోగులు అయ్యాయి.

అప్పుడు, ఎప్పుడూ చేసేటట్టే, అతికినవాటిని పిడికిట్లో పట్టుకుని మెల్లగా లాగి చూసింది. నిలిచిన పోగు వేలికి ఎదురు చెబుతుంది. ఒకటి జారింది. పక్కది జారింది. ఆ పక్కవి నాలుగు కలిసి ఊడి చేతిలోకి వచ్చాయి. మిగిలినవి నిలిచాయి.

"మయేశా, నిలిచినవన్నా వరస కుదిరినాయా?"

ఉమామహేశ్వర వంగి పోగులు చూశాడు. పడుగు విషయంలో నేతగాడు అబద్ధం చెప్పడు. మర్నాడు మగ్గం కదిలిస్తే బయటపడే అబద్ధం ఎవడు చెబుతాడు? ఈ మగ్గం ఇంకెప్పుడూ కదలదు. చెప్పొచ్చు. అక్క మొహం చూస్తూ చెప్పాలనే అనుకున్నాడు.

"లేదక్కా," అన్నాడు. "మొదటి పోగే పక్కది పట్టినావు. ఆడ్నుంచి ఒకటి దాటినావు, ఒకటి రెండుసార్లు పట్టినావు. ఒక్కటీ దాని జతకు పడలేదు."

వేళ్ళకు పురి తెలుసు. వరస తెలిసేది కంటికి. ఆ సంగతి సుబ్బక్కకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆమె విభూతి అంటిన వేళ్ళను చీరకు తుడుచుకుంది.

"నాయనా, అది చెరిపెయ్."

"ఎందుకు పెద్దమ్మా? చేతులు శానా బాగా వచ్చినాయి."

"చెరిపెయ్ నాయనా."

ప్రమీలారాణి ముందుకు వంగింది. "చూసేవాళ్ళకు వరస సంగతి ఏం తెలుస్తుందమ్మా? మీ చేతులు కనపడితే చాలు. మీ పేరు కూడా రాయిస్తాను."

"తెలీనోళ్ళ కోసమైతే వీపే చాలు తల్లీ," అంది సుబ్బక్క. "తెలుసుకోవాలని ఒక పిల్ల వచ్చిందనుకో. ఇది చూసి నేర్చుకుని పోయి, యాడనో మగ్గం మీద కూర్చుంటాది. నా తప్పంతా ఆ పిల్ల పడుగులోకి పోతాది. అట్ల నేర్పేదానికంటే లేకుంటేనే మేలు."

హర్షవర్ధన్ కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉమామహేశ్వర వైపు చూశాడు. ఉమామహేశ్వర తల ఊపాడు. ఏదో మీట నొక్కిన చిన్న చప్పుడయింది.

"పోయిందా?"

"పోయింది పెద్దమ్మా."

"మొత్తం?"

"మొత్తం."

సుబ్బక్క లేవబోయి లేవలేకపోయింది. తమ్ముడు చంకల కింద చేతులు వేసి లేపాడు. ప్రమీలారాణి పిల్లలను లోపలికి వదిలింది. వాళ్ళు ఉరుక్కుంటూ వచ్చి తెర ముందు కూర్చున్నారు. పత్తి ఏరడం గురించి ఆడగొంతు మొదటినుంచి అందుకుంది.

కోసిగిలో బస్సు దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఉమామహేశ్వర భార్య నాగలత వాకిట్లోనే ఎదురొచ్చి, "ఎట్లుండాది వదినా మ్యూజియం? అంతా చూపించినారా?" అని అడిగింది.

"శానా బాగుండాది మే," అంది సుబ్బక్క, గడప కోసం కాలితో తడుముకుంటూ. "మన మగ్గం ఉండాది. మీ ఆయన నేస్తాండాడు, గోడంత ఉండాడంట. అతుకు లేదు. ఇంక యాడా లేదు."